మా పెరటికుంటలో వసంతము



వసంత ఋతువనగానే కావ్యములు చదివినవారికి ముందుగా తోచునవి లేమావి చివురులు, కోకిల కూతలు, మలయమారుతము. నేను బడికి పోయి చదివినదానను కాను. మా తాతగారి సన్నిధిని, పూజగది గడపకడ కూర్చుండి, అమరకోశముతో మొదలిడి ఆంధ్రమహాభారతము వఱకు చదువుకొన్నదానను. కావున నాకును చిరకాలము వసంతమనగా పుస్తకములలోని వసంతమే. కాపురమునకు బోధను పట్టణమునకు వచ్చిన పిదపగాని, మా పెరటి కుంటకు వసంతము మఱియొక విధముగా వచ్చునని నాకు తెలియలేదు. ఆ వసంతము ఒక యేడు రాక నిలిచిపోయినది. అట్లు నిలిచిపోవుటకు కారణము నేనే. తరువాత నది మెల్లగా మఱలివచ్చిన విధమును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నిజామాబాదునుండి పడమరగా జానకంపేట, ఎడపల్లిల మీదుగా సుమారు 25 కిలోమీటర్లు వచ్చినచో బోధను చేరవచ్చును. ఇది మిక్కిలి ప్రాచీనమైన యూరు. భారతకథలోని ఏకచక్రపురము ఇదియే యనియు, భీమసేనుడు బకాసురుని సంహరించినది ఇచ్చటనే యనియు ఇచ్చటి పెద్దలు చెప్పుకొందురు. ఏకచక్రేశ్వరుని ఆలయము నేటికిని ఊరిలో కలదు. బకమనగా కొంగ కదా! బకాసురుని చంపిన యూరిలో ప్రతి మడుగునొద్దను ఒక్కొక బకము తపస్సు చేయుచుండుట చూచి మా అమ్మాయి నవ్వుచుండును.

ఇటీవలి కాలమున బోధనునకు పేరు తెచ్చినది చెఱకు. మంజీరానదిపై 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరు ఆనకట్టవలన ఈ నేలకు కాలువనీరు వచ్చెను. ఆ నీటిని నమ్మి చెఱకు పెరిగెను. ఆ చెఱకును నమ్మి 1937లో శక్కరునగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఆసియాఖండముననే పెద్దదని అది ఒకప్పుడు పేరు గాంచినది. మా అత్తగారు కొత్తకోడలుగా వచ్చిన దినములలో చెఱకుబండ్లు రాత్రియంతయు బారులు తీరి పోవుచుండెననియు, గాలినిండ తీపివాసన నిండియుండెడిదనియు ఆమె చెప్పుచుండెడిది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. బండ్ల బారులు పోయినవి. చెఱకుతోటలు తగ్గి వరిమళ్ళు పెరిగినవి. కాని కాలువ మాత్రము పాఱుచునే యున్నది. నా కథకు కావలసినది ఆ కాలువయే.

మాయిల్లు ఊరి యంచున పొలములవైపు నున్నది. మా మామగారి తండ్రిగారు ఆ యిల్లు కట్టినప్పుడు గోడలకు వలసిన మన్ను పెరటి చివరనే త్రవ్వించిరట. అట్లు త్రవ్విన పల్లమున వాననీరు నిలిచి కుంటయైనది. విస్తీర్ణము రెండు గుంటలకు మించదు. అనగా ఎకరములో ఇరువదవ వంతు. వానకాలమున నది నిండును. యాసంగి పంటకు కాలువ విడిచినపుడు ప్రక్క పొలముల పిల్లకాలువనుండి కొంత నీరు పొరలివచ్చును, కొంత నేలలోనుండి ఊరును. అందువలన చుట్టుపట్ల చిన్నగుంటలన్నియు ఫాల్గుణమునాటికే బీటలు వాఱినను, మా కుంటలో చైత్రమున గూడ మోకాలిలోతు నీరుండును. తావులు ఎండినకొలది ప్రాణులు నీరున్నచోటికి చేరును. మా కుంటకు వసంతము వచ్చుట యనగా ఇదియే.

నేను వచ్చిన తొలియేట నాకీ ప్రాణులతో పరిచయము లేదు. అమరకోశములోని వారివర్గము నోటికి వచ్చును గాని, ఏది యేదో గుర్తింపలేకుంటిని. కప్పకు వర్షాభువని పేరుకలదని యెఱుగుదును. వర్షమున పుట్టునదని దాని యర్థము. కాని వేసవియంతయు ఆ కప్ప ఎచ్చట నుండునో యెఱుగను. దానిని నాకు చూపినది పొరుగింటి అవ్వ. ఆమె అక్షరము నేర్వలేదు. కుంటగట్టున మన్ను గడ్డపాఱతో పెల్లగించి, మూరెడు లోతున ముడుచుకొని నిద్రించుచున్న బోదురుకప్పను చూపి, మఱల మన్ను కప్పి, "పండుకోనియ్యి తల్లీ, వాన వడ్డంక అదే లేస్తది" అనినది. నత్తలు కూడ అట్లే తమ గుల్లవాకిటికి మూతపెట్టుకొని బురదలో దాగునని ఆమెయే చెప్పినది. గుడ్డికొంగ, లకుముకిపిట్ట, పాలపిట్ట, నీరుకట్టెపాము, పరిగెచేప, కొఱ్ఱమీను మొదలగు వానినన్నిటిని నేను ఆమె వలననే గుర్తుపట్ట నేర్చుకొంటిని.

ఇక నా తప్పు చెప్పవలెను.

2022వ సంవత్సరమున, శుభకృత్తు ఆశ్వయుజమాసములో, ఏడేండ్ల మా అమ్మాయికి జ్వరము తగిలినది. మూడవనాటికి కన్నుల వెనుక నొప్పియని, ఒడలంతయు విఱిచినట్లున్నదని యేడ్వసాగెను. నిజామాబాదునకు గొనిపోగా రక్తము పరీక్షించి డెంగీ యనిరి. ప్లేట్‌లెట్లు అను రక్తకణములు దినదినమునకు తగ్గుచుండ, ఆ లెక్క చెప్పువారి ముఖము చూచుచు నేనును మావారును ఆఱు దినములు గడపితిమి. ఏడవనాడు లెక్క పెరిగినది. పిల్ల బ్రదికినది. భగవంతుని దయ.

ఇంటికి వచ్చిన మఱునాడే నా కన్ను కుంటమీద పడినది. దోమకాటువలన వచ్చు జ్వరము, దోమకు పుట్టినిల్లు నీరు, పెరటిలో అంత నీరు! ఇంతకంటె సాక్ష్యమేమి వలయును? మావారు బడికి పోయియుండిరి. బండ్లు బాగుచేయు దుకాణమునుండి కాలిన నూనె రెండు డబ్బాలు తెప్పించి, ఒకరి నడుగక, నా చేతులతో కుంటచుట్టు పోసితిని. నల్లని పొర నీటిమీద పాఱి, ఎండలో హరివిల్లు రంగులతో మెఱసెను. చూడ నందముగానే యుండెను. దోమలమీద పగ తీర్చుకొంటినని సంతోషించితిని.

మఱునాటినుండి చేపలు తేలసాగినవి. ముందు పరిగెలు, పిదప కొఱ్ఱమీనులు. కొఱ్ఱమీను బురదనీటను బ్రదుకగల గట్టిచేప. నీటిపైకి వచ్చి గాలి మ్రింగి పోవుట దానికి స్వభావము. గాలికై పైకి వచ్చిన ప్రతిసారియు దానికి నూనెపొరయే నోటికి తగిలియుండును. దోమపిల్లల ఊపిరి నరికట్టుటకై పోసిన నూనె, ఊపిరి గలదానినెల్ల నరికట్టినది. వారము తిరుగునప్పటికి కప్పకూత లేదు, నీటిమీద పరుగులిడు పురుగు లేదు, గట్టున కొంగ లేదు. పొరుగింటి అవ్వ దడిమీదుగా తొంగిచూచి, "గిదేంది పంతులమ్మా, మీ కుంట మూగవడ్డది?" అని యడిగినది. నేను బదులు చెప్పలేదు.

పదియవనాడు ఆశా కార్యకర్త మాయింటికి వచ్చెను. జ్వరము వచ్చిన యిండ్ల చుట్టుపట్ల చూచుట ఆమె పని. నేను గర్వముగా కుంటను చూపితిని. ఆమె దానివంక ఒక్కసారి చూచి, "అక్కా, ముందు ఇల్లు చూస్త" అనెను. శీతలయంత్రపు తొట్టి మూత తీసెను. పూలకుండీల క్రింది పళ్ళెములు వంచి చూచెను. పిదప వంటింటి వెనుక, మిక్సీ వచ్చినప్పటినుండి వాడక విడిచిన మా రుబ్బురోటి కడకు పోయి నన్ను పిలిచెను. రోటిలో వాననీరు నిలిచియున్నది. అద్దమువలె తేటగానున్న ఆ నీటిలో సన్నని పురుగులు తలక్రిందులుగా వ్రేలాడుచు, మా నీడ పడగానే వంకరలు తిరుగుచు క్రిందికి దిగినవి. ఒకటికాదు, రెండుకాదు. ఇట్టివే పూలకుండీల పళ్ళెములలోను గలవు.

ఆమె చెప్పగా తెలిసినదేమనగా, డెంగీని మోయు దోమకు కాళ్ళపై తెల్లని చాఱలుండును. అది పగటివేళ కుట్టును. ఇంటిలోను ఇంటిచుట్టును నిలువచేసిన తేటనీరు, తొట్లు, పాతచక్రములు, పగిలిన కుండలు, ఇవి దానికి ప్రియమైన తావులు. గ్రుడ్లను పాత్ర గోడకంటించి పెట్టును. ఆ గ్రుడ్లు నీరెండినను నెలల తరబడి చావక, మఱల నీరు తగులగానే పొదుగును. కావున నీరు పాఱబోసినంత చాలదు, పాత్రను తోమవలెను. గ్రుడ్డునుండి దోమ యగుటకు వారము పదిదినములు పట్టును గనుక, వారమునకొకసారి తోమినచో అది పెరుగదు. వేఱుజాతుల దోమలు మురుగునీటిలోను, కుంటల యంచులను పెరుగునన్న మాట నిజమే. కాని చేపలు, తూనీగపిల్లలు నిండిన కుంటలో వాని పిల్లలను తినువారు అనేకులు.

నేను చంపినది ఆ తినువారిని. దోమను పెంచినదియు నేనే, నా రోటిలో.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అరణ్యపర్వములోని యక్షప్రశ్నల కథ జ్ఞప్తికి వచ్చినది. పాండవులు దప్పిగొని ఒక సరస్సునకు వత్తురు. అచ్చట కొంగరూపమున నున్న యక్షుడు, నా ప్రశ్నలకు బదులు చెప్పి పిదప నీరు త్రావుమనును. నలుగురు తమ్ములును వినక త్రావి పడిపోదురు. ధర్మరాజొక్కడు నిలిచి బదులు చెప్పి వారిని బ్రదికించుకొనును. చిన్ననాట ఆ కథలోని ప్రశ్నలన్నియు వల్లించితినే గాని, నీటిని ముట్టుటకు ముందు నిలిచి ఆలోచింపవలెనన్న మొదటిమాటను నేను వినలేదు. కొంగ గట్టుమీదనే యుండెను. నేను ఆగలేదు.

మావారు నన్ను నిందింపలేదు. మఱునాడు సెలవుదినము. పొలమునుండి వరిగడ్డి తెచ్చి, లావు వెంటులుగా పేని, నీటిమీద పఱచి, నూనె పీల్చుకొన్నపిదప లాగివేయ మొదలిడిరి. గడ్డి నూనెను బాగుగా పీల్చును. పాతచీరలతో నేను అంచులు తుడిచితిని. ఆ గడ్డియు గుడ్డలును గోనెలలో కట్టి పురపాలకసంఘమువారి బండికిచ్చితిమి. ఇట్లు కార్తికమంతయు చేసినను నీటిపై మెఱపు పూర్తిగా పోలేదు.

మఱుచటి వసంతము శోభకృత్తు ఉగాదితో వచ్చెను. అది 2023 మార్చి నెల. పొరుగింటి మామిడి చివురించెను. కోకిల తెల్లవాఱుజామునుండియు కూయుచునే యుండెను. వేపపూత రాలెను. పుస్తకములలోని వసంతమునకు కొఱతలేదు. కుంటకడ మాత్రము ఏమియు లేదు. ఒకనాడు గుడ్డికొంగ యొకటి వచ్చి గట్టున వ్రాలినది. నాలుగడుగులు వేసి, మెడసాచి, నీటిలోనికి చాలసేపు చూచి, లేచిపోయినది. మఱల రాలేదు. ఆ కోకిల కూత వినుటకు నా కా యేడు మనసొప్పలేదు.

ఆ యేడే జూలైలో మా జిల్లాలో మహావర్షము కురిసెను. వేల్పూరునందు ఒక్కదినమున 40 సెంటీమీటర్లకు మించి వాన పడినదని మీలో కొందఱు పత్రికలలో చదివియే యుందురు. పంటలకు, ఇండ్లకు ఎంతో నష్టము కలిగించిన వాన యది. మా కుంట నిండి, గట్టు పొర్లి, రెండు దినములు పొలముల మీదుగా పాఱెను. పిల్లకాలువ నీరు లోనికి వచ్చెను. నీరు తీసిన పిదప చూడగా మెఱపు లేదు. మేము చేయలేనిపని వాన చేసినది. కాని ఆ మిగిలిన నూనె ఎవరి పొలమునకు పోయెనో యని నాకు సంతాపము కలుగకపోలేదు.

మొదట వచ్చినవి తూనీగలు. పసుపువన్నెగల ఒకజాతి తూనీగలు శ్రావణ భాద్రపదములలో గుంపులుగా మా పెరటిమీద తిరుగుచు, తోకకొనతో నీటిని తాకుచు గ్రుడ్లు పెట్టినవి. ఇవి సామాన్యమైనవి కావు. వానల వెంట మనదేశమునకు వచ్చి, శరత్కాలమున హిందూమహాసముద్రము దాటి తూర్పు ఆఫ్రికావైపు పోవునని, మాల్దీవులలో నివసించిన చార్లెస్ ఆండర్సన్ అను జీవశాస్త్రజ్ఞుడు 2009లో ప్రకటించెను. వ్రేలెడు పొడవులేని పురుగు సముద్రము దాటునట! హనుమంతుని కథ విన్న మనకు నమ్ముట కష్టము కాదు గాని, ఆ యాత్రికులలో కొన్ని నేను పాడుచేసిన కుంటను నమ్మి గ్రుడ్లు పెట్టుట చూచి నాకు కన్నులు చెమర్చినవి. తూనీగపిల్ల నీటిలోనే పెరిగి దోమపిల్లలను వేటాడి తినును.

చేపల విషయమున మావారు కొంత ఆలోచించిరి. దోమల నివారణకై 1928లో ఇటలీనుండి మనదేశమునకు తెచ్చిన గంబూసియా అను చిన్నచేపలను విడువవచ్చునని ఒకరు సలహా చెప్పిరి. కాని అవి కప్పపిల్లలను, మనచేపల గ్రుడ్లను గూడ తినునని చదివి, మావారు వలదనిరి. ఈసారి మేము అడిగి, చదివి, ఆగితిమి. పిల్లకాలువ వెంట పరిగెలు వానియంతట నవియే వచ్చినవి. 2024 వసంతమున లకుముకి ఒకటి రెండు సారులు వచ్చి పోయినది. నీటికప్పలు నాలుగైదు కనబడినవి. అంతకంటె విశేషము లేదు.

విశ్వావసు సంవత్సరపు ఉగాది, అనగా 2025 మార్చి 30, మాకు పరీక్షాదినము. హైదరాబాదునుండి మా బావగారు పండుగకు వచ్చుచు, కుంటను పూడ్పించి అద్దెకు రెండుగదులు కట్టింపవలెనని చెప్పి పంపిరి. ఇంటిలో వారికిని భాగము కలదు. వారు చెప్పినది అన్యాయమని నేననను. ఉపాధ్యాయుని జీతముతో నడుచు సంసారమునకు అద్దె వచ్చుట మేలే. కాని ఆ యేటి శివరాత్రినుండి నేను కుంటను దినమును కనిపెట్టి చూచుచుంటిని. చూచినది మీకును చెప్పెదను.

శివరాత్రినాటికి కాటుకపిట్టలు గట్టుమీద తోకలాడించుచు పరుగులిడుచుండెను. కావ్యములలో స్త్రీల కన్నులకు ఉపమానమైన ఖంజరీటము ఇదియే. వీనిలో తెల్లమొగముగల జాతి మన యూరిది కాదు, ఉత్తరపు చలిదేశములనుండి శీతకాలము గడపుటకు వచ్చు చుట్టము. ఫాల్గుణము గడచినకొలది అవి తగ్గినవి. ఉగాది తరువాత ఒక్కటియు లేదు. కవులు వసంతమును రాకగా చెప్పుదురు గాని, మా కుంటకడ వసంతము ఒక వీడ్కోలుతోనే మొదలగును.

కామునిపున్నమ నాటికి నీటికప్పలు పైకి తేలి, కన్నులు మాత్రము నీటిపై నుంచి చూడసాగినవి. అలికిడి కాగానే, పిల్లలు విసరిన పెంకువలె నీటిమీద తాటుచు పోవుట వాని విద్య. అదేవారమున పాలపిట్ట కరెంటుతీగపైనుండి ఎగసి, నింగిలో పల్టీలు కొట్టుచు, ఱెక్కల నీలము కనబఱచుచు తన జతను మెప్పింపసాగెను. దసరానాడు చూచుట శుభమని మనము వెదకి చూచు ఈ పక్షిని 2014లో తెలంగాణ రాష్ట్రపక్షిగా నిర్ణయించిరి. వసంతమున దానిని వెదక నక్కఱలేదు. అదియే మన తలమీద తిరుగును.

తెల్లఱొమ్ముగల లకుముకిజంట కుంట పడమటిగట్టున నిలువుగా నున్న మంటిలో ముక్కులతో పొడిచి బొఱియ చేయ మొదలిడెను. ఒకటి త్రవ్వుచుండగా మఱియొకటి తుమ్మకొమ్మపై కావలియుండెను. మధ్యాహ్నపువేళ తేనెటీగలు తడిబురదపై వ్రాలి నీరు త్రావి పోవుచుండెను. అవి దప్పికై మాత్రమే రావు. పట్టులో ఆ నీటిని పూసి, ఱెక్కలతో విసరి, ఎండకు మైనము కరగకుండ పిల్లలను చల్లగా నుంచును. కుమ్మరిపురుగు ఉండచేసిన మన్ను మోసికొనిపోయి మా వంటింటి కిటికీకి గూడు మెత్తెను. నీళ్ళు మోయుట, మన్ను మెత్తుట, పిల్లలకు చల్లదనము చూచుట! వంటింటి గడపలో నిలుచుండి చూచు నాకు అవి పరాయిపనులుగా తోచలేదు.

ఉగాదినాడు పచ్చడి తినిన పిదప బావగారు కుంటగట్టుకు వచ్చిరి. నేను మావారి వెనుక నిలుచుంటిని. వారు చుట్టును చూచి, "ఈ గుంటవలన ఒకమాఱు పిల్లకు జ్వరము వచ్చినది చాలదా? ఇంకను ఎందుకు దీనిని?" అనిరి. మావారు బదులు చెప్పబోయిరి. ఆ మాట నేను చెప్పవలసినదని తోచి ముందునకు వచ్చితిని.

"బావగారూ, జ్వరము కుంటవలన రాలేదండి. నేను కడుగక విడిచిన రుబ్బురోటివలన వచ్చినది. అది తెలియక కుంటలో నూనె పోసి చంపితిని. ఇది మఱల బ్రదుకుటకు మూడేండ్లు పట్టినది" అని అంతయు చెప్పితిని. పెద్దలయెదుట నా తప్పు నేనే చెప్పుకొనుట అదియే మొదలు. నా గొంతు వణకెను.

వారు మాటాడలేదు. సాయంకాలము మా అమ్మాయి పెదనాన్నగారిని చేయిపట్టుకొని తీసికొనివచ్చి గట్టుమీది బండపై కూర్చుండబెట్టి, "కదలకు పెదనాన్నా, కదిలితే రాదు" అనెను. చీకటిపడువేళ నీటికోడి తుంగలోనుండి బయటికి వచ్చి, తెల్లనిఱొమ్ము మెఱయ, తోక ఎగురవేయుచు నడచినది. నీరుకట్టెపాము ఒకటి తల యెత్తి కుంటను అడ్డముగా ఈదినది. బావగారు ఉలికిపడిరి. "దానికి విషము లేదు. కప్పలున్నవి గనుక వచ్చినది" అని అమ్మాయి ధైర్యము చెప్పెను.

మఱునాటి యుదయమున ప్రయాణమగుచు వారు, "మన ఇంటిగోడల మన్ను ఇక్కడిదేనని నాయన చెప్పుచుండెడివారు. ఈ యేటికి ఉండనిమ్మమ్మా. వచ్చే ఉగాదికి మఱల చూతము" అనిరి. పిల్లలు జాఱిపడకుండ చుట్టును దడి కట్టింపుమని కొంత పైకము కూడ మావారి చేతికిచ్చిరి. ఇది తీర్పు కాదు, వాయిదా మాత్రమే. అయినను ఒక వసంతము దక్కినది.

శ్రీరామనవమి దాటిన పిదప, దడి కట్టుచున్న దినములలో, గుడ్డికొంగ వచ్చినది. ముందు నేను గుర్తుపట్టలేదు. శీతకాలమున మట్టిరంగు చాఱలతో, కూర్చున్నచో మన్నో పక్షియో తెలియకుండ నుండు కొంగ, వీపున కావిరంగు శాలువ కప్పుకొని పెండ్లికొడుకువలె నున్నది. జతకట్టు కాలమున దాని రంగు అట్లు మాఱును. నాలుగడుగులు వేసి, మెడసాచి, నీటిలోనికి చూచినది. నేను ఊపిరి బిగబట్టితిని. చటుక్కున ముక్కు దించి పైకెత్తగా, దాని ముక్కున పరిగె తళుక్కుమన్నది. పోయిన కొంగ ఇదియేనా యని యెవరు చెప్పగలరు? నాకు మాత్రము యక్షుడు మఱల వచ్చి కూర్చున్నట్లు తోచినది.

సోదరీమణులకు నా మనవి యొకటి. కుంట యందఱికిని ఉండదు. రోలు, తొట్టి, కుండీ మాత్రము అందఱి యిండ్ల నుండును. వారమున కొకనాడు వానిని తోమి ఆరబెట్టుడు. వాడని రోటిలోని నీటిని తుడిచి ఇసుక నింపుడు. కుంటయో, దొరువో పెరటిలో నున్నచో అందులో నూనెగాని మందుగాని పోయుటకు ముందు ఎవరినైన అడుగుడు. సబ్బునీటిని దానివైపు పాఱనీయకుడు. పసిపిల్లలున్న యింట చుట్టును దడి కట్టుడు. మీయింటి కుంటకు రక్షకులు మీరే యగుదురు, నావలె ఆగక పనిచేసినచో భక్షకులును మీరే యగుదురు.

ఆ యేడు వానలు ముందుగా వచ్చినవి. మే నెలాఖరున, రోహిణీకార్తెలోనే ఒకనాటి రాత్రి ఉఱుములతో మొదలై తెల్లవాఱువఱకు కురిసెను. దీపముపట్టుకొని పెరటిలోనికి పోతిమి. అవ్వ చెప్పినట్లు అవియే లేచినవి. బోదురుకప్పలు పసుపుపచ్చని రంగుతో, బుగ్గలు నీలిబుడగలుగా ఉబ్బించి, గట్టుపొడవున అఱచుచుండెను. మూడేండ్లకు మునుపు మూగవోయిన కుంట అది. దడికావల అవ్వ గొంతు వినబడినది: "మాట వచ్చింది పంతులమ్మా, నీ కుంటకు!"

మా అమ్మాయి ఫోనుచేసి బావగారిని నిద్రలేపినది. నేను వారించుచునే యుంటిని. అది ఫోనును నీటివైపు చాచి పట్టుకొనినది. అవతలనుండి చాలసేపు మాట లేదు. కోపించిరేమో యని భయపడితిని. పిదప వారడిగిన దొక్కటే మాట.

"నీరు బండదాక వచ్చినదా, అమ్మా?"